పెట్టుకోకూడని పతకం

విల్ఫ్ ఫియరన్ లండన్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం మెట్ల కింద నిలబడి, మనవరాలి వయసున్న ఆఫీసు అమ్మాయిని బతిమాలుతున్నాడు. అరవై ఏడేళ్ల బతుకులో అతను ఎవరినీ బతిమాలి ఎరగడు. ఊళ్లో బొగ్గు గని మూసేసిన రోజున కూడా టోపీ సర్దుకుని గేటు దాటి ఇంటికొచ్చాడే తప్ప ఎవరి ముందూ దేబిరించలేదు. ఇప్పుడు ఆ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నవంబరు వానకి బట్టతల తడుస్తోంది.

"ఒక్క ఆదివారం, తల్లీ. ఒక్క గంట. మా జాస్ కోటుకి ఆ మలేసియా పతకం పెట్టుకుని చర్చి దగ్గర్నుంచి స్మారక స్తంభం దాకా వస్తాడు. అంతే. ఆ తర్వాత నేనే తీసేస్తా. కావాలంటే తెచ్చి మీ చేతికే ఇస్తా."

"ఆయనకి ఒంట్లో అంత బాగాలేదంటే నాకూ బాధగానే ఉంది సార్," అంది ఆ అమ్మాయి. మనసు చెడ్డది కాదు. తన గొడుగు అతని నెత్తి మీదికి వంచింది కూడా. "కానీ పతకం పుచ్చుకోవద్దని ఎవరూ అనలేదు కదా. పుచ్చుకోవచ్చు, ఇంట్లో ఉంచుకోవచ్చు. ధరించడానికే అనుమతి లేదు. మంచం పక్కన బల్ల మీద పెట్టుకోమనండి."

"బల్ల మీద మందు సీసాలున్నాయమ్మా."

ఆమె గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఆస్ట్రేలియా వాళ్లు పెట్టుకుంటున్నారు. న్యూజిలాండ్ వాళ్లూ పెట్టుకుంటున్నారు. మాతో పాటు అదే అడవిలో, అవే జలగలకి నెత్తురు పోసి తిరిగినవాళ్లే వాళ్లూ. వాళ్లకీ మనకీ రాణి ఒకతే కదా?"

"అది వాళ్ల ప్రభుత్వాల నిర్ణయం సార్. మన దగ్గర పాత సంగతులకి కొత్తగా విదేశీ పతకాలు ఒప్పుకోరు. మీ విన్నపం పైవాళ్లకి అందేలా చూస్తాను."

అతని వెనక ఐదారుగురు ముసలివాళ్లు బ్యానరు పట్టుకుని నిలబడ్డారు. దాని మీది అక్షరాలు వానకి కారి, ఏ సంగతి మీద వచ్చారో దారినపోయేవాళ్లకి తెలియకుండా పోయింది. నాలుగేళ్లుగా వాళ్లు చేస్తున్నది ఇదే. పార్లమెంటు సభ్యుల్ని కలవడం, సంతకాలు సేకరించడం, ఇలా వచ్చి నిలబడడం, తడిసి ఇంటికి పోవడం.

రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ విల్ఫ్‌ని ఒకటే ప్రశ్న వేధించింది. జాస్‌తో ఏం చెప్పాలి?

జాస్ బెన్, విల్ఫ్ కలిసి పుట్టకపోయినా కలిసే పెరిగారు. కంబ్రియా తీరంలో క్రాస్‌బెక్ అనే రేవు ఊరు వాళ్లది. ఒకే వీధి, ఒకే బడి, పదిహేనేళ్లకి ఒకే గని. పంతొమ్మిదేళ్లకి ఇద్దరూ ఒకే వారంలో సైన్యంలో చేరారు. పంతొమ్మిదివందల అరవైలో, ఆకు రాలే కాలంలో, ఇప్పుడు మలేసియా అంటున్న మలయాలో దిగారు. ఆ వేసవితోనే అక్కడి యుద్ధం అయిపోయిందని ప్రకటించేశారు. అయిపోయిన యుద్ధానికి పతకాలుండవు. అయితే థాయ్ సరిహద్దు అడవిలో మిగిలిన కమ్యూనిస్టు గెరిల్లాలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ల తూటాలు ఎప్పటిలాగే వస్తుండేవి.

ఆ అడవిలోనే విల్ఫ్‌కి బురద నీళ్ల జ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోయి, కళ్లు పచ్చబడి, కాళ్లు నిలవలేదు. హెలికాప్టరు దిగే చోటు చాలా దూరం. విల్ఫ్ ఆరడుగుల మనిషి. జాస్ అతని భుజానికి కూడా రాడు. అయినా తుపాకీ పట్టీలతో అతన్ని వీపుకి కట్టుకుని, నడుం లోతు నీళ్లలో మోసుకుపోయాడు. స్పృహ తప్పనివ్వకూడదని దారి పొడుగునా బూతు కథలు చెబుతూనే ఉన్నాడు. వాటిలో సగం విల్ఫ్‌కి ఇప్పటికీ గుర్తే. పెళ్లాం ముందు చెప్పుకోదగ్గది మాత్రం ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక ఇద్దరూ మళ్లీ గనిలోకే దిగారు. ఏటా నవంబరులో, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆదివారం నాడు, ఊరి మాజీ సైనికులంతా పతకాలు పెట్టుకుని కవాతు చేస్తారు. విల్ఫ్, జాస్ ఖాళీ కోట్లతో నడిచేవాళ్లు. "జాస్‌ది బంగాళదుంపల తొక్క తీసే రెజిమెంటు," అని క్లబ్బులో నవ్వేవాళ్లు. జాస్ కూడా నవ్వేవాడు. "అవున్రా, తొక్క తీయడంలో నన్ను మించినవాడు లేడు. రా, నీది కూడా తీస్తా," అనేవాడు. ఇంటికెళ్లే దారిలో మాత్రం నోరు విప్పేవాడు కాదు.

నలభై ఏళ్లు దాటాక, ఎవరూ అడక్కుండానే, మలేసియా దేశం వాళ్లని తలుచుకుంది. రంగు చారల రిబ్బనుతో ఒక పతకం. ఆ దేశం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన అందరి చేతులూ పట్టుకుని ఊపి, "మీరు రాకపోతే మా దేశం ఇలా ఉండేది కాదు," అన్నాడు. జాస్ బాత్‌రూములోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. విల్ఫ్ తలుపు తడితే, "పోరా, కడుపు నొప్పి," అన్నాడు. గొంతు వింటే కడుపు నొప్పిలా లేదు.

వెంటనే లండన్ నుంచి మాటొచ్చింది. పుచ్చుకోండి, పెట్టుకోకండి.

అప్పుడు మొదలైంది పోరాటం. ఉత్తరాది జిల్లాల్లో దాన్ని భుజాన వేసుకుంది విల్ఫే. మొదటి సమావేశంలోనే అతను ఒక మాట కచ్చితంగా చెప్పాడు. "అనుమతి వచ్చేదాకా మనలో ఎవడూ పెట్టుకోకూడదు. మనం సైనికులం. గెలిస్తే దర్జాగా గెలుద్దాం. ఒక్కడు గీత దాటాడా, క్రమశిక్షణ లేని ముసలి మూక అని మనల్ని చెత్తకుప్పలో వేస్తారు." అందరూ చేతులెత్తారు. జాస్ కూడా ఎత్తాడు.

ఈ నాలుగేళ్లలో గని దుమ్ము జాస్ ఊపిరితిత్తుల్ని తినేసింది.

* * *

లండన్ నుంచి వచ్చిన మర్నాడు విల్ఫ్ వెళ్లేసరికి జాస్ కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. కూతురు హిలరీ గిన్నెలో మటనూ బంగాళదుంపల కూర తెచ్చి చెంచాతో పెడుతోంది. జాస్ రెండు ముద్దలకే తల తిప్పేశాడు.

విల్ఫ్ అబద్ధం చెబుదామనే వచ్చాడు. జాస్ మొహం చూశాక నోరు రాలేదు.

"ఒప్పుకోలేదురా."

"ఏమన్నారు?"

"మంచం పక్కన పెట్టుకోమన్నారు."

జాస్ ఊపిరి కూడదీసుకుని మంచం కిందికి చూపించాడు. "ఉచ్చ సీసా పక్కనా?"

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. హిలరీ వీపు రాస్తూ విల్ఫ్ వంక కోపంగా చూసింది. దగ్గు తగ్గాక జాస్, "ఆదివారం నన్ను తీసుకెళ్లు," అన్నాడు.

"నాన్నా, నీకేమన్నా మతిపోయిందా?" అంది హిలరీ. "బయట గాలి చూశావా? నర్సు ఏం చెప్పింది?"

"నర్సు మిలట్రీలో చేసిందా?"

"పతకం లేకుండానే రా, జాస్," అన్నాడు విల్ఫ్.

"సరేలే. ఖాళీ కోటు నాకు అలవాటే."

హిలరీ విల్ఫ్‌ని వాకిట్లోకి లాక్కెళ్లింది. "అంకుల్, ఆయన అడిగాడని మీరు తలాడించకండి. మీరు కాదంటే ఆగుతాడు."

"ఆగడమ్మా. నేను కాదంటే పాక్కుంటూ వస్తాడు. గంటలో తెచ్చి అప్పజెబుతా. మాటిస్తున్నా."

ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, "గంట. అంతే," అంది.

* * *

ఆదివారం పొద్దున సముద్రం మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. విల్ఫ్, అతని భార్య ఎడ్నా కలిసి చక్రాల కుర్చీని చర్చి ముంగిటికి తోసుకొచ్చారు. జాస్ గడ్డం దాకా దుప్పటి, దాని మీద మఫ్లరు. కుర్చీ వెనక చిన్న ఆక్సిజన్ సిలిండరు. మాజీ సైనికులు వరసలు కడుతున్నారు. వాళ్లని సర్దుతున్నవాడు డెస్మండ్ క్యారిక్. ఎడ్నాకి స్వయానా అన్న. ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి సార్జెంట్ మేజరుగా దిగినవాడు. అతని రొమ్ము మీద పతకాలు వరసగా మెరుస్తున్నాయి.

డెస్మండ్ వరసలు చూసుకుంటూ వచ్చి జాస్ ముందు ఆగి, "వచ్చావా ముసలోడా," అని భుజం తట్టాడు.

అప్పుడు జాస్ మఫ్లరు లాగేసి దుప్పటి కిందికి తోశాడు. కోటు మీద పతకం ఉంది.

డెస్మండ్ మొహంలో రంగు మారింది. చుట్టూ చూసి, వంగి, గొంతు తగ్గించాడు.

"విల్ఫ్, తీయించు."

"డెస్, వాడి పరిస్థితి చూడు."

"చూశాను. నాకూ కళ్లున్నాయి. నియమాలు నేను రాయలేదయ్యా, కాపాడే పని మాత్రం నాది. పోయిన ఏడాది సంతలో కొన్న పతకాలు పెట్టుకొచ్చినవాణ్ని నేనే వరసలోంచి లాగి పంపించాను, ఊరంతా చూసింది. ఇవాళ మా బావ స్నేహితుడని వదిలేస్తే రేపు ఎవణ్ని ఆపగలను? అనుమతి వచ్చేదాకా పెట్టుకోం అని మీరే కదా చెప్పుకున్నారు? ఆ మాట అన్నది నువ్వే కదా?"

అది నిజం. అన్నది తనే. విల్ఫ్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"జాస్, తీసేద్దాం రా. ఇంకొంచెం ఓపిక పట్టు. నువ్విలా చేస్తే నాలుగేళ్ల కష్టం..." అంటూ పిన్ను మీదికి చెయ్యి పోనిచ్చాడు.

జాస్ తన చేతిని పతకం మీద మూతలా పెట్టాడు. ఎండిపోయిన చెయ్యి, చలికి నీలిరంగు తిరిగింది. చిన్నపిల్లాడైనా దాన్ని పక్కకి తోసేయగలడు. విల్ఫ్ తోయలేకపోయాడు.

"నాకు... ఓపిక లేదురా," అన్నాడు జాస్. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి. "ఓపిక ఉన్నవాళ్లు... వచ్చే ఏడు పెట్టుకోండి."

విల్ఫ్ లేచి నిలబడ్డాడు. వెనక వరసల్లోంచి తన మనుషులు చూస్తున్నారు. నాలుగేళ్లు తన మాట మీద ఆగినవాళ్లు. అతను కోటు లోపలి జేబులోంచి తన పతకం తీశాడు. ఏ ఊరు వెళ్లినా చూపించడానికి దాన్ని వెంట ఉంచుకోవడం అలవాటు. పిన్ను గుచ్చుకోబోతే వేళ్లు కొంకర్లు పోయి సహకరించలేదు. పతకం నేలమీద పడింది.

ఎడ్నా వంగి తీసింది. అన్న మొహంలోకి ఒకసారి చూసి, మొగుడి కోటు మీద దాన్ని గుచ్చింది.

"ఎడ్నా!" అన్నాడు డెస్మండ్.

"నువ్వు నీ పని చేసుకో డెస్," అంది ఆమె. "నేను నాది చేశాను."

డెస్మండ్ దవడ బిగించాడు. తర్వాత పరేడ్ గొంతుతో, అందరికీ వినబడేలా, "ఫియరన్, బెన్, వరసలోంచి బయటికి!" అని అరిచాడు.

వాళ్లు బయటికొచ్చారు. వాళ్ల వెనక ఇంకెవరూ రాలేదు. విల్ఫ్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తనతో పాటు లండన్ వానలో తడిసినవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు. వాళ్లకి ఆ మాట నేర్పింది తనే.

డప్పులు మోగాయి, కవాతు కదిలింది. విల్ఫ్ జనం మధ్య సందు చేసుకుంటూ, రాళ్ల మీద ఎగిరెగిరి పడే కుర్చీని ఫుట్‌పాత్ వెంట తోసుకుంటూ పోయాడు. స్మారక స్తంభం దగ్గర బూర ఊదారు. రెండు నిమిషాల మౌనం మొదలైంది. ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ నిశ్శబ్దంలో జాస్‌కి దగ్గు వచ్చింది.

అది ఆగలేదు. నోటికి మఫ్లరు అడ్డం పెట్టుకున్నాడు, అయినా ఆగలేదు. కూడలి మొత్తానికి అదొక్కటే శబ్దం. తలలు తిరగలేదు, మౌనం కదా. కానీ ప్రతి వీపూ ఆ దగ్గు వింటోందని విల్ఫ్‌కి తెలుస్తూనే ఉంది. వంగి సిలిండరు మీటరు ముల్లు చూశాడు. అడుగుకి పడిపోయి ఉంది. చర్చి దగ్గర గొడవలో ఎంతసేపు పోయిందో అతను గమనించలేదు. జాస్ పెదాలు నీలంగా మారుతున్నాయి. స్తంభం పక్కన పత్రిక ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

"అంబులెన్స్!" అని విల్ఫ్ ఆ మౌనంలో గావుకేక పెట్టాడు. "ఎవరన్నా అంబులెన్స్ పిలవండి!"

* * *

జాస్ బుధవారం పోయాడు. ఆస్పత్రి నడవలో హిలరీ విల్ఫ్‌కి ఎదురొచ్చింది. ఏడవడం లేదు. ఆమె ఏడిస్తే బాగుండునని అతను అనుకున్నాడు.

"గంట అన్నారు," అంది.

"అమ్మా..."

"మాటిస్తున్నా అన్నారు. ఒక రేకు ముక్క కోసం మా నాన్నని చలిలో చంపేశారు. మీ పోరాటానికి ఫొటో దొరికింది కదా, వెళ్లండి. అంత్యక్రియలకి రాకండి."

ఫొటో నిజంగానే స్థానిక పత్రికలో వచ్చింది. నీలం పెదాల మనిషి, కోటు మీద పతకం. అది వచ్చిన మర్నాడు పోరాట సంఘం ఛైర్మన్ యార్క్‌షైర్ నుంచి ఫోన్ చేశాడు. మంచివాడే, నొప్పించకుండా మాట్లాడదామని ప్రయత్నించాడు. "విల్ఫ్, నువ్వు పెట్టిన నియమమే అది. నువ్వే దాటితే మిగతావాళ్లని ఎలా ఆపమంటావు? కొన్నాళ్లు పక్కన ఉండు," అన్నాడు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

విల్ఫ్ అంత్యక్రియలకి వెళ్లలేదు. స్మశానం గోడ బయట, రోడ్డుకి అవతల నిలబడ్డాడు. శవపేటిక మోసినవాళ్లలో డెస్మండ్ ఉన్నాడు. ఆ మోసే చోటు తనది. అడవిలో తనని వీపున కట్టుకుని మోసినవాణ్ని పది అడుగుల దూరమైనా తిరిగి మోయలేకపోయాడు. ఆ ఆలోచన వచ్చాక అతను గోడకి జారబడి కూర్చున్నాడు. ఎడ్నా పక్కనే కూర్చుంది. తడి నేల మీద, మంచి కోటుతో.

"నేను తీసేసి ఉంటే వాడు బతికేవాడా?" అని అడిగాడు.

"ఏమో," అంది ఎడ్నా. ఉత్త ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదామె.

ఆ తర్వాతి రెండు చలికాలాలూ అతను ఇంట్లోంచి పెద్దగా కదల్లేదు. ఎడ్నా తన అన్నతో మాట్లాడడం మానేసింది. క్రిస్మస్‌కి ఇద్దరే తిన్నారు. విల్ఫ్ ఒకటి రెండుసార్లు హిలరీ ఇంటి దాకా వెళ్లి, గేటు మీద చెయ్యి వేసి, తిరిగొచ్చేశాడు.

జాస్ పోయిన మూడేళ్లకి అనుమతి వచ్చింది. ఎందుకు ఇన్నేళ్లు కుదరలేదో, ఇప్పుడెందుకు కుదిరిందో ఎవరూ చెప్పలేదు. ఎడ్నా రేడియోలో విని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. విల్ఫ్ కుర్చీలోంచి లేవలేదు. "సరే," అన్నాడు. కాసేపయ్యాక, "ఇంతేనా?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరిని అడిగాడో ఆమెకి అర్థం కాలేదు.

మరుసటి నవంబరులో, ఆ ఆదివారానికి ముందు రోజు, డెస్మండ్ గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి బాగా వంగిపోయాడు. ఎడ్నా లోపలికి రమ్మనలేదు, తలుపూ వేయలేదు.

"రేపు వస్తావా?" అని అడిగాడు విల్ఫ్‌ని.

"నీకిప్పుడు ఇబ్బంది లేదుగా."

"లేదు." డెస్మండ్ టోపీ అంచు తిప్పుకుంటూ నిలబడ్డాడు. "ఆరోజు మళ్లీ వచ్చినా నేను అదే చేసేవాణ్ని, విల్ఫ్. నీతో అబద్ధమాడలేను."

"తెలుసు. నేనూ అంతే."

"ముందు వరసలో నిలబెడతా."

"ఎక్కడైనా పర్లేదు."

విల్ఫ్ వెళ్లాడు. పతకం పెట్టుకున్నాడు. మొదట చేతులెత్తినవాళ్లలో సగంమంది కూడా మిగల్లేదు. ఉన్నవాళ్లు అతని చెయ్యి నొక్కారు, ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. విల్ఫ్‌కి మోకాళ్ల నొప్పి, చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ తెలియలేదు. మౌనం పాటించే రెండు నిమిషాలూ ఎక్కడన్నా దగ్గు వినబడుతుందేమోనని భయపడుతూ నిలబడ్డాడు. ఎవరూ దగ్గలేదు.

జనం విడిపోతుంటే హిలరీ ఎదురుగా వచ్చి నిలబడింది. జుట్టు నెరిసింది. అతని కోటు వంక చూడలేదు.

"నాన్నది నా దగ్గరే ఉంది," అంది. "ఆస్పత్రి వాళ్లు బట్టలతో పాటు కవర్లో పెట్టి ఇచ్చారు. దాన్నేం చేయాలో నాకు తెలీడం లేదు."

"నువ్వు పెట్టుకోవచ్చమ్మా. పోయినవాళ్లవి ఇంటివాళ్లు కుడివైపు పెట్టుకుంటారు."

"నాకు పెట్టుకోవాలని లేదు."

"సరే."

"పారేయాలనీ లేదు."

విల్ఫ్ తలూపాడు. చెప్పాల్సింది చాలా ఉంది. నాలుగేళ్లుగా గేటు దగ్గర్నుంచి వెనక్కి మోసుకొచ్చిన మాటలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. హిలరీ కాసేపు ఎదురు చూసినట్టే నిలబడింది. తర్వాత కాలరు పైకి లాక్కుని, రేవు వైపు వీధిలోకి తిరిగి వెళ్లిపోయింది.

ఎడ్నా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "ఏమంది?"

"మాట్లాడింది," అన్నాడు విల్ఫ్.